అరవైకి అరవై వచ్చిన సభ: మారిషస్, 1982

(కాకినాడలో ఒక గ్రంథాలయం హాల్లో ఇచ్చిన ప్రసంగం. రికార్డింగ్ విని, మధ్యలో సభికులు అడిగిన ప్రశ్నలతో సహా రాసింది.)

ఇక్కడి నుంచి కోరంగి ఎంత దూరమండీ? బస్సెక్కితే అరగంటో ముప్పావుగంటో, అంతేగా. ఇప్పుడంటే మడ అడవి చూడ్డానికి వెళ్తున్నాం, చెక్క వంతెన మీద నడిచి ఫొటోలు దిగి వస్తున్నాం గానీ, 1839లో ఉప్పెన వచ్చి ముంచేయకముందు అది పేరున్న రేవు. ఆ రోజుల్లో చెరకు తోటల్లో కూలికని ఒప్పంద కాగితం మీద వేలిముద్ర వేసి మారిషస్ వెళ్ళిన తెలుగువాళ్ళని అక్కడ ‘కొరింగీ’లు అనేవారు. మనిషిది ఏ జిల్లా, ఏ కులం అన్న గొడవ లేదు, కోరంగి నుంచి వచ్చినవాడు కొరింగీ. మన పక్క ఊరి పేరు అక్కడ ఒక జనానికి పేరైపోయింది. ఇవాళ్టికీ ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా అక్కడే.

నేను ఇవాళ వలస కథ చెప్పడానికి రాలేదు. ఆ దేశపు శాసనసభ గురించి, అందులోనూ ఒకే ఒక్క సభ గురించి చెబుతాను. 1982 జూన్‌లో ఎన్నికై, ఐదేళ్ళు ఉండాల్సింది ఏడాదికే రద్దయిపోయిన సభ. మొత్తం 66 మంది సభ్యులు. నేను చాలా ఏళ్ళు పిల్లలకి పౌరశాస్త్రం చెప్పాను, పాఠంలో ఎక్కడ చూసినా ‘ప్రతిపక్షం ప్రజాస్వామ్యానికి అవసరం’ అని ఒక వాక్యం ఉంటుంది, పిల్లలు బట్టీ పట్టి రాస్తారు, నేను టిక్కు పెడతాను. ఎందుకు అవసరమో నాకు నిజంగా అర్థమైంది మాత్రం ఈ 66 మంది సభ్యుల జాబితా చూశాకే.

ముందు లెక్క చెబుతాను, ఎందుకంటే లెక్క తెలియకపోతే మిగతాదేమీ తెలియదు. మారిషస్ ద్వీపాన్ని 20 నియోజకవర్గాలు చేశారు. ఒక్కో దాని నుంచి ముగ్గురు.

(సభలోంచి: ఒక్క నియోజకవర్గానికి ముగ్గురు ఎమ్మెల్యేలా?)

అవునమ్మా, ముగ్గురు. ఓటరు చేతికి ఒకే కాగితం ఇస్తారు, దాని మీద మూడు గుర్తులు పెట్టాలి. రెండు పెట్టినా చెల్లదు, నాలుగు పెట్టినా చెల్లదు, కచ్చితంగా మూడే. ఒక్క క్షణం మిమ్మల్ని మీరు ఆ ఓటరు స్థానంలో ఊహించుకోండి. మీకు ఒక అభ్యర్థి బాగా నచ్చాడు, మిగతా ఇద్దరి గురించి పెద్దగా తెలియదు. పెన్సిల్ పట్టుకుని నిలబడ్డారు, మూడు పెట్టి తీరాలి. ఏం చేస్తారు? నచ్చినవాడి పార్టీలోనే మిగతా ఇద్దరికీ పెట్టేసి బయటికొస్తారు. దేశమంతా అలాగే చేస్తే, ఒక గాలి వీచిందంటే ముగ్గురికి ముగ్గురూ ఒకే పార్టీ వాళ్ళు వచ్చేస్తారు. 20 మూళ్ళు 60. దీనికి తోడు తూర్పున ఐదారు వందల కిలోమీటర్ల దూరంలో రోడ్రిగ్స్ అనే చిన్న దీవి ఉంది, దానికి ఇద్దరు. వెరసి 62.

1982 జూన్ 11న సరిగ్గా అదే జరిగింది. ఎంఎంఎం, పీఎస్ఎం అని రెండు పార్టీల కూటమి ప్రధాన ద్వీపంలో 60కి 60 గెలిచింది. ఎంఎంఎంకి 42, పీఎస్ఎంకి 18. వాళ్ళకి పడిన ఓట్లు నూటికి 64 దాకా. అది పెద్ద గెలుపే, కాదనను. కానీ మిగతా 36 మంది? వాళ్ళ ఓటుకి ప్రధాన ద్వీపంలో ఒక్క సీటు కూడా రాలేదు.

ఓడినవాళ్ళు ఎవరో చూడండి. శివసాగర్ రామ్‌గులామ్. 1968 మార్చి 12న స్వాతంత్ర్యం తెచ్చిన మనిషి, అప్పటి నుంచీ ఆయనే ప్రధాని. 1982 నాటికి ఆయనకి 81 ఏళ్ళు. ఐదో నంబరు నియోజకవర్గం, పాంప్లెమూస్–త్రియోలే, ఆయన సొంత గడ్డ, అక్కడే ఓడిపోయారు.

నన్నడిగితే ఆ ఓటమికి తొలి అడుగు పన్నెండేళ్ళ ముందే పడింది. 1970 సెప్టెంబర్‌లో త్రియోలేలో ఉప ఎన్నిక వచ్చింది. ఎంఎంఎం అప్పుడు ఏడాది పిల్ల, 1969లో పుట్టింది. ఆ పార్టీ తరఫున నిలబడి ప్రధాని నియోజకవర్గంలోనే గెలిచిన కుర్రాడి పేరు దేవ్ విరాసామీ. పేరు ఇంకోసారి వినండి. వీరాస్వామి. మన వీధిలో పిలిస్తే ఒకరిద్దరు పలికే పేరు. తర్వాత ఆయన ఆ పార్టీతో విభేదించి బయటికి వచ్చేశారు, అక్కడి జనభాష క్రియోల్‌లో నాటకాలు రాసి పెద్ద రచయిత అయ్యారు, 2023లో పోయారు. క్రియోల్ అన్న మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

జనానికి కోపం ఊరికే రాలేదు. 1972 ప్రాంతంలో జరగాల్సిన ఎన్నికలు వాయిదా వేసి 1976 డిసెంబర్ దాకా లాగారు. ఆ 1976లో ఎంఎంఎం 70 మంది సభలో 34 మందితో అన్నిటికంటే పెద్ద పార్టీ అయింది, అయినా మిగతా రెండు పార్టీలూ కలిసి 36 మందితో ప్రభుత్వం నడిపాయి. తర్వాత చక్కెర ధర పడిపోవడం, తుఫాన్లు, ఐఎంఎఫ్ అప్పు, 1979లో ఒకసారి 1981లో ఇంకోసారి రూపాయి విలువ తగ్గించడం. ఇంట్లో బియ్యం డబ్బా దగ్గర లెక్క తేలక ఆడవాళ్ళు పడే టెన్షన్ ఏ దేశంలోనైనా ఒకటే. పాలక పక్షం లోంచే కొందరు బయటికొచ్చి పీఎస్ఎం పెట్టుకున్నారు, దాని నాయకుడు హరీశ్ బూధు. ఆ కోపమంతా కలిసి 1982లో ఒకేసారి బయటపడింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 60 మంది ఒకే పక్షం, రోడ్రిగ్స్ ఇద్దరు సెర్జ్ క్లేర్ స్థాపించిన ఓపీఆర్ పార్టీ. మరి 66 ఎలా అయింది? మిగతా నలుగురు ఎక్కడి నుంచి వచ్చారు? వాళ్ళు ఓడిపోయినవాళ్ళు. అవునండీ, ఎన్నికల్లో ఓడిపోయి సభలో కూర్చున్నవాళ్ళు. అక్కడి రాజ్యాంగంలో ‘బెస్ట్ లూజర్’ అని ఒక ఏర్పాటు ఉంది, ఓడినవాళ్ళలో బాగా ఓట్లు తెచ్చుకున్నవాళ్ళకి ఎనిమిది సీట్ల వరకు ఇస్తారు.

ఎందుకంటే అది వలసవాళ్ళతో నిండిన దేశం. ఇక్కడి నుంచి వెళ్ళినవాళ్ళు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ పిల్లలు, ఫ్రెంచి తోటల యజమానుల కుటుంబాలు, చైనా వర్తకులు. స్వాతంత్ర్యం వస్తే సంఖ్యాబలం ఉన్నవాళ్ళే అంతా తీసుకుంటారని మిగతావాళ్ళకి భయం. ఆ భయానికి మందుగా ఇది పెట్టారు. రాజ్యాంగంలో నాలుగు సముదాయాలు రాశారు: హిందువులు, ముస్లింలు, చైనా మూలాలవాళ్ళు, ‘జీవన విధానాన్ని బట్టి’ ఈ మూడింటిలో దేనికీ చెందనివాళ్ళంతా నాలుగోది, దాని పేరు జనరల్ పాపులేషన్. నామినేషన్ వేసే అభ్యర్థి తాను ఏ సముదాయమో కాగితం మీద రాయాలి.

(సభలోంచి: తెలుగువాళ్ళకి వేరే గడి ఉందా?)

లేదండి. తెలుగువాళ్ళయినా, తమిళులయినా, మరాఠీలయినా, భోజ్‌పురీ మాట్లాడేవాళ్ళయినా, హిందువులైతే అందరికీ ఒకటే గడి. అందుకని సభ్యుల జాబితా చూసి ఇందులో మనవాళ్ళు ఎంతమంది అని తేల్చడానికి అధికారిక దారేమీ లేదు, పేర్లు చూసి ఊహించుకోవడమే, ఊహలు నేను చెప్పను.

సీటు ఇచ్చే పద్ధతి చెబుతాను, బోర్డు మీద వేస్తున్నాను చూడండి. ఒక్కో సముదాయం జనాభాని, ఆ సముదాయానికి అప్పటికే ఉన్న సీట్లకి ఒకటి కలిపి, దానితో భాగిస్తారు. ఎవరికి పెద్ద అంకె వస్తే తర్వాతి సీటు వాళ్ళకి. జనాభా 1972 జనగణనది: హిందువులు 4,28,167, జనరల్ పాపులేషన్ 2,36,867, ముస్లింలు 1,37,081, చైనావాళ్ళు 24,084. ఇప్పుడు మాట వరసకి, ఇది నా లెక్క, జరిగింది కాదు, గెలిచిన 62 మందిలో హిందువులు 34, జనరల్ 18, ముస్లింలు 9, చైనా మనిషి ఒకరు అనుకుందాం. 35తో, 19తో, 10తో, రెండుతో భాగించండి. వరసగా 12,233, 12,466, 13,708, 12,042. పెద్దది ముస్లింలది, మొదటి సీటు వాళ్ళకి. దాంతో వాళ్ళ సీట్లు పదయ్యాయి, ఇప్పుడు 11తో భాగించాలి, 12,461 వస్తుంది. జనరల్ 12,466 దగ్గరే ఉంది. అంటే ఐదంటే ఐదు తేడాతో రెండో సీటు జనరల్ వైపు వెళ్ళింది! వెనక వరసలో ఎవరో అయ్యో అన్నారు. నేనూ మొదటిసారి వేసుకున్నప్పుడు అలాగే అన్నాను. ఒక మనిషి సభలో కూర్చోవడం, ఇంట్లో కూర్చోవడం ఆ ఐదు మీద ఆధారపడుతుంది, అదీ పాతకాలపు జనగణన మీద.

ఇలా మొదటి నాలుగు సీట్లు ఏ పార్టీ అని చూడకుండా సముదాయాన్ని బట్టి ఇస్తారు. తర్వాతి నాలుగు, ఆ మొదటి నాలుగింటి వల్ల గెలిచిన పార్టీ ఆధిక్యం తగ్గిపోకుండా సరిచేయడానికి. 1982లో ఆ రెండో నాలుగూ భర్తీ కాలేదు. గెలిచిన కూటమిలో ఓడినవాడు ఒక్కడూ లేడు కదా, ఎవరిని తెస్తారు? కాబట్టి 62కి నలుగురు కలిపి 66. ఆ నలుగురిలో ఇద్దరు రామ్‌గులామ్ లేబర్ పార్టీ వర్గం, ఇద్దరు పీఎంఎస్‌డీ అనే పార్టీ. పీఎంఎస్‌డీ నాయకుడు గాయెతాన్ దువాల్, ఒకప్పుడు స్వాతంత్ర్యమే వద్దని ప్రచారం చేసిన మనిషి, ఆయన ఈ దారినే లోపలికి వచ్చి ప్రతిపక్ష నాయకుడయ్యారు.

పోర్ట్ లూయీలో గవర్నమెంట్ హౌస్ అని పాత ఫ్రెంచి కట్టడం ఉంది, ముందు విక్టోరియా రాణి విగ్రహం, పక్కనే సభ. ఆ హాల్లో ఎదురు వరసలో కూర్చున్న నలుగురిని తలుచుకుంటే నాకు గౌరవం కలుగుతుంది. జనం తిరస్కరించారు, ఒక లెక్క పుణ్యమా అని సీటొచ్చింది, అటు చూస్తే మంత్రులు, వాళ్ళ వెనక వరసల నిండా వాళ్ళ మనుషులే. అయినా లేచి ప్రశ్న అడగాలి. వాళ్ళు అడగకపోతే ఆ 36 శాతం మంది తరఫున అడిగే నాథుడే లేడు.

ప్రధాని అయింది అనిరుధ్ జగన్నాథ్, అక్కడ జుగ్‌నాథ్ అంటారు, లాయరు, అంతకుముందు ఐదున్నరేళ్ళు ప్రతిపక్ష నాయకుడు. ఉప ప్రధాని హరీశ్ బూధు. ఆర్థిక మంత్రి పాల్ బెరాంజే, పార్టీకి మెదడూ గొంతూ ఆయనే, ఫ్రెంచి మూలాల మనిషి. ఆ సభ చేసిన మంచి పనులు రెండు చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. ఒకటి, జనగణనలో ‘మీది ఏ సముదాయం’ అన్న ప్రశ్న తీసేశారు. మనుషుల్ని గళ్ళలో పెట్టి లెక్కపెట్టడం ఆపుదాం అన్నది వాళ్ళ నమ్మకం, నాకు అది ఇష్టమైన నమ్మకం. కానీ బెస్ట్ లూజర్ పద్ధతిని మాత్రం తీయలేదు. దాంతో ఏమైందంటే, సీట్ల లెక్క అక్కడికే, 1972 అంకెల దగ్గరే ఆగిపోయింది. అప్పుడు పుట్టని పిల్లలకి పిల్లలు పుట్టినా, ఇంకా అదే అంకెతో భాగిస్తున్నారు. 2012లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీ కూడా, అభ్యర్థి తన సముదాయం రాసి తీరాలనడం తప్పని తేల్చింది.

రెండోది ఒక సభ్యురాలి కథ. షిరీన్ ఔమీరుద్దీ–సిజ్‌ఫ్రా, ఎంఎంఎం తరఫున 1976లో గెలిచారు, 1982లోనూ గెలిచారు. ఆమె భర్త విదేశీయుడు. 1977లో పాత ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది: మారిషస్ మగవాడు విదేశీ అమ్మాయిని చేసుకుంటే ఆమెకి అక్కడ ఉండే హక్కు యథాతథంగా ఉంటుంది, మారిషస్ ఆడమనిషి విదేశీయుణ్ణి చేసుకుంటే మాత్రం అతను అనుమతి కోసం దరఖాస్తు పెట్టుకోవాలి, ఇస్తారో లేదో ప్రభుత్వం ఇష్టం. ఆలోచించండి, ఆమె దేశానికి చట్టాలు చేసే సభలో కూర్చుంటున్నారు, ఇంటికి వెళ్తే భర్త ఆ దేశంలో ఉండొచ్చో లేదో తెలియదు. 1978 ఏప్రిల్‌లో ఆయన దరఖాస్తు పెట్టుకున్నారు, మూడేళ్ళయినా జవాబు లేదు. ఆ 1978లోనే ఆమె, ఇంకో 19 మంది ఆడవాళ్ళు కలిసి ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కమిటీకి వెళ్ళారు. 1981 ఏప్రిల్‌లో కమిటీ ఇది స్త్రీ పురుషుల మధ్య వివక్ష అని తేల్చింది. 1983 మార్చిలో, మనం మాట్లాడుకుంటున్న ఈ సభే ఆ చట్టాన్ని సవరించింది. గళ్ళ గోల, సీట్ల గోల పక్కన పెడితే, ఒక సభ ఉండి ఏం లాభం అని ఎవరైనా అడిగితే నేను ఇది చూపిస్తాను.

అదే మార్చిలో సభ రెండు ముక్కలైంది.

ఎదురుగా బలమైన ప్రతిపక్షం ఉన్నప్పుడు లోపలి తగాదాలు లోపలే ఉంటాయి, బయటివాడికి అలుసైపోతామని ఎవరైనా తగ్గుతారు. 60 మంది ఒకవైపే ఉంటే తగ్గాల్సిన అవసరం ఎవరికి? ఇన్నాళ్ళూ ఐఎంఎఫ్‌ని తిట్టిన బెరాంజేనే ఆర్థిక మంత్రిగా ఖజానా చూసి అదే పొదుపు బాట పట్టాల్సి వచ్చింది, అది సొంతవాళ్ళకే నచ్చలేదు. ప్రధాని చేతిలో ఎంత అధికారం ఉండాలన్న దాని మీద ఇంకో పేచీ. వీటన్నిటి పైన భాష.

ఆ దేశంలో ఇంట్లో, బజారులో, పొలంలో ఎక్కువమంది మాట్లాడేది క్రియోల్. సభలో మాత్రం ఇంగ్లీషు, కావాలంటే ఫ్రెంచి, అదీ రాజ్యాంగం మాట. జనభాషకి పీట వేయాలన్నది ఎంఎంఎం మొదటి నుంచీ అంటున్నదే. మరి హిందీ, ఉర్దూ, తమిళం, తెలుగు, మరాఠీ అంటూ తాతలనాటి భాషల్ని కాపాడుకుంటున్నవాళ్ళకి అది ఎలా వినిపిస్తుంది? మా పిల్లలకి మా భాష లేకుండా చేస్తారేమో అని. 1983 మార్చి 12, స్వాతంత్ర్య దినోత్సవం నాడు ప్రభుత్వ టీవీలో జాతీయ గీతం క్రియోల్‌లో వచ్చింది. ఒక పాట, ఒకటి రెండు నిమిషాలు. దాంతో ఎంత గొడవైందో! నేను ఇందులో ఎవరినీ తప్పు పట్టలేను. జనం మాట్లాడే భాషలో పాడటం తప్పెలా అవుతుంది? సముద్రం దాటి వంద నూట యాభై ఏళ్ళయినా తెలుగు అక్షరం పిల్లలకి దిద్దించుకుంటున్నవాళ్ళ భయం మాత్రం తప్పెలా అవుతుంది? ఆ రెండూ ఒకరికొకరు సభలో చెప్పుకుని ఉంటే బాగుండేది. ఆ భయాన్ని లేచి గట్టిగా చెప్పడానికి ఎదుటి వరసలో ఉన్నది నలుగురే అయ్యారు.

ఆ మార్చిలోనే బెరాంజే, ఆయనతో పాటు చాలామంది మంత్రులు రాజీనామా చేశారు. ఎంఎంఎం సభ్యుల్లో ఎక్కువమంది ఆయనతోనే వెళ్ళారు. జుగ్‌నాథ్ ఏప్రిల్‌లో ఎంఎస్ఎం అని కొత్త పార్టీ పెట్టారు, బూధు పీఎస్ఎం అందులో కలిసిపోయింది. అంటే తొమ్మిది నెలల క్రితం ఒకే పోస్టర్ మీద ఉన్న ముఖాలు ఇప్పుడు ఎదురెదురు బెంచీల మీద. దేశానికి ప్రతిపక్షం దొరికింది, ఎన్నిక లేకుండానే, గెలిచినవాళ్ళలోంచే. మెజారిటీ లేని ప్రధాని కొన్నాళ్ళు నెట్టుకొచ్చి సభ రద్దు చేయించారు.

1983 ఆగస్టు 21న మళ్ళీ ఎన్నికలు. జుగ్‌నాథ్ ఈసారి ఎవరితో కలిశారు? ఏడాది కిందట తాను ఓడించిన లేబర్ పార్టీతో, దువాల్ పార్టీతో. వాళ్ళకి 41, ఎంఎంఎంకి 19. ఎంఎంఎంకి పడిన ఓట్లు నూటికి 46, సీట్లు చూస్తే మూడో వంతు కూడా లేవు. ఓటమి రుచి బెరాంజే కూడా చూశారు, తన నియోజకవర్గంలో ఆయనే ఓడిపోయారు.

(సభలోంచి: అయితే ఇంటికేనా?)

కాదు. బెస్ట్ లూజర్ సీటు వచ్చింది. సముదాయాల గళ్ళు ఉండకూడదని పోరాడిన పార్టీ నాయకుడు, ఆ గళ్ళ లెక్కలోంచే సభలోకి వచ్చి ప్రతిపక్ష నాయకుడయ్యారు. కొందరు దీన్ని చెప్పి నవ్వుతారు. నాకు నవ్వు రాదు. 46 శాతం మంది ఓటేసిన పార్టీ నాయకుడు సభ బయట ఉండటమే దేశానికి ఎక్కువ నష్టం. ఆ లెక్కలో ఎన్ని లోపాలున్నా ఆ ఏడాది ఆ పని చేసింది. రామ్‌గులామ్ మళ్ళీ సభకి రాలేదు, 1983 డిసెంబర్‌లో గవర్నర్ జనరల్ అయ్యారు, 1985 డిసెంబర్‌లో పోయారు.

ఇదంతా పాతకథ అనుకోకండి. 1995లో మళ్ళీ 60కి 60 వచ్చింది. 2024 నవంబర్ 10న మళ్ళీ వచ్చింది, ఈసారి రామ్‌గులామ్ కొడుకు నవీన్ గెలిచారు, జుగ్‌నాథ్ కొడుకు ప్రవింద్, అప్పటికి ప్రధానిగా ఉన్నాయన, సీటు కూడా దక్కించుకోలేకపోయారు. అప్పుడు ప్రతిపక్ష నాయకుడైంది జో లెజోంగార్, ఆయనా బెస్ట్ లూజర్ సీటు మీద వచ్చినవారే.

ఆ కొత్త సభ మొదటిసారి కూర్చున్నప్పుడు స్పీకర్‌ని ఎన్నుకున్నారు. నలుగురికీ, అరవై మందికీ సమానంగా మైకు ఇవ్వాల్సిన కుర్చీ అది. అందులో కూర్చున్నది షిరీన్ ఔమీరుద్దీ–సిజ్‌ఫ్రా, భర్త ఉండటానికి అనుమతి కోసం మూడేళ్ళు ఎదురుచూసిన ఆవిడ.